మన ర్యామ్ మీద మెటా పొదుపు

విండోస్ కంప్యూటర్లో వాట్సాప్ వాడేవాళ్లకి ఏం జరిగిందో మళ్లీ విడమర్చి చెప్పక్కర్లేదు. 2025 నవంబర్లో అప్‌డేట్ అని ఒకటొచ్చింది, చాలామందిని లాగౌట్ చేసేసింది, ఫోన్ తీసి క్యూఆర్ స్కాన్ చేసి మళ్లీ లోపలికెళ్తే పాత యాప్ లేదు. ఆ ప్లేస్‌లో ఉన్నది వాట్సాప్ వెబ్. అవును, బ్రౌజర్లో ఎన్నేళ్లుగానో ఉన్నదే, దానికి వెబ్‌వ్యూ2 అనే తొడుగేసి యాప్ అని చేతిలో పెట్టారు. విండోస్ కోసమే విడిగా రాసిన నేటివ్ యాప్ 2022 ఆగస్టులో వచ్చింది, మూడేళ్లు బానే పనిచేసింది, వేగం పెరుగుతుంది నమ్మకంగా పనిచేస్తుంది అని అప్పట్లో ఊదరగొట్టింది కూడా వాట్సాపే.

మాకు మండేది యాప్ మారినందుకు కాదు. ఇది తప్పు దారి అని అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చెప్పింది వాట్సాప్‌కీ ఫేస్‌బుక్‌కీ ఓనరైన మెటాయే, అందుకు.

2012 సెప్టెంబర్లో శాన్ ఫ్రాన్సిస్కోలో టెక్‌క్రంచ్ సభలో దాని అధినేత మార్క్ జుకర్‌బర్గ్ ఏం చెప్పారో ఈ రంగంలో ఉన్న ప్రతివాళ్లకీ తెలుసు. నేటివ్‌ని పక్కనపెట్టి, వెబ్‌పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్5 మీద మరీ ఎక్కువ ఆశలు పెట్టుకోవడం కంపెనీగా తాము చేసిన అతి పెద్ద తప్పు అని ఒప్పుకున్నారు. అప్పటికి నెల ముందే ఐఫోన్‌లో ఫేస్‌బుక్ యాప్‌ని మొత్తం నేటివ్‌గా తిరగరాశారు, ఏడాది చివరికి ఆండ్రాయిడ్‌లోనూ అదే పని చేశారు. అక్కడితో ఆగారా అంటే లేదు. 2020లో ఐఫోన్ మెసెంజర్‌ని మళ్లీ మొదట్నుంచి రాసి, 17 లక్షల లైన్లు దాటిన కోడ్‌ని 3 లక్షల 60 వేలకి దించాం, ఫోన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే సదుపాయాల్నే వాడుకున్నాం అని వాళ్ల ఇంజినీర్లు గర్వంగా రాసుకున్నారు. గర్వపడాల్సిన పనే అది, మేం కాదనం. మరి ఇంత తెలిసినవాళ్లు 2025లో విండోస్ వాడేవాడికి ఏమిచ్చారు? 2012లో తప్పు అన్నదాన్నే ఇచ్చారు. తెలియక చేస్తే తప్పు అనుకోవచ్చు, తెలిసి చేస్తే దాన్నేమనాలి?

పైగా అదే 2025 మే నెలలో ఐప్యాడ్‌కి సొంత వాట్సాప్ యాప్ ఇచ్చారు. నవంబర్లో, అంటే విండోస్ వాళ్ల యాప్ లాక్కున్న ఆ నెలలోనే, యాపిల్ వాచీకి కూడా ఇచ్చారు. చేతి గడియారానికి విడిగా యాప్ రాయడానికి మనుషులున్నారు, ఆఫీసుల్లో షాపుల్లో పొద్దస్తమానం తెరిచుండే విండోస్‌కి మాత్రం లేరట. ఆ ఏడాది పెట్టుబడి ఖర్చు 70 బిలియన్ డాలర్లు దాటొచ్చని ఇన్వెస్టర్లకి చెప్పుకున్న కంపెనీ ఇది, అందులో ఎక్కువ భాగం ఏఐ కోసం కట్టే డేటా సెంటర్లకే. ఇంతింత పెట్టేవాళ్లు ఒక విండోస్ టీమ్ దగ్గర పొదుపు చేశారంటే ఎవరు నమ్ముతారు.

ఈ పొదుపు ఎవరి జేబులోంచి వస్తోందో చూద్దాం. వెబ్‌వ్యూ2 అంటే ఏంటంటే, ఎడ్జ్ బ్రౌజర్ లోపలి ఇంజిన్. మనకి కనిపించేది ఒక యాప్ విండోనే కానీ వెనకాల నడిచేది బ్రౌజర్ పేజీ. టాస్క్ మేనేజర్ తెరిస్తే వాట్సాప్ కింద నాలుగైదు ప్రాసెస్‌లు వరసగా వేలాడుతుంటాయి, ఒకటి పేజీ గీయడానికి, ఒకటి గ్రాఫిక్స్‌కి, ఒకటి నెట్‌వర్క్‌కి. పాత యాప్ వంద, రెండొందల ఎంబీల ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీలో, సర్దుకునేది, కొత్తది చాట్లు లోడయ్యాక ఒక జీబీ దాకా పోతోందని టెక్ సైట్లు కొలిచి మరీ చూపించాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మెటా దగ్గర మిగిలిన ఇంజినీర్ల జీతం మన ర్యామ్‌లోంచి కట్ అవుతోంది.

ర్యామ్ కొనుక్కోవచ్చుగా అనేవాళ్లున్నారు. వాళ్లు ఈమధ్య కంప్యూటర్ షాపుకి వెళ్లినట్టు లేదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల రేట్లు 2025 చివరికి ఎక్కడికో వెళ్లిపోయాయి, ఆ చిప్‌లు తయారుచేసే మైక్రాన్ అయితే మామూలు జనానికి క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నామని డిసెంబర్లో చెప్పేసింది. ర్యామ్ రేటు పెరగడానికి కారణమైన డేటా సెంటర్లు కట్టేవాళ్లలో మెటా ఒకటి, ఆ ర్యామ్‌ని ఇంకా ఎక్కువ తినే యాప్ ఇచ్చేది కూడా మెటాయే. అటు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది, పాత మెషీన్లు మార్చాలా వద్దా అని జనం ఇప్పటికే తల పట్టుకున్నారు.

మండల కేంద్రంలో జిరాక్స్, డీటీపీ షాపు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. నాలుగు జీబీల ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్, అందులో అను ఫాంట్లతో పేజ్‌మేకర్, పక్కన ఫొటోషాప్, క్రోమ్‌లో ఏదో అప్లికేషన్ ఫారం, వీటన్నిటి మధ్య వాట్సాప్. హాల్ టికెట్టయినా ఆధార్ కాపీ అయినా పెళ్లి కార్డు మేటరైనా జనం పంపేది ఆ షాపు వాట్సాప్ నంబరుకే కాబట్టి దాన్ని మూసే వీల్లేదు. పాత యాప్ ఓ మూల పడుండేది, గొడవ లేదు. అలాంటి మెషీన్లో ఒక జీబీ అంటే మొత్తం మెమరీలో నాలుగో వంతు. కాలిఫోర్నియాలో లేటెస్ట్ లాప్‌టాప్ మీద టెస్ట్ చేసేవాళ్లకి ఇది కనబడదు, కనబడకపోవడం వాళ్ల అదృష్టం.

ఒకే కోడ్ ఉంటే కొత్త ఫీచర్లు అన్నిచోట్లా ఒకేసారి వస్తాయి, చానెల్స్, స్టేటస్ లాంటివి విండోస్‌లో ఇప్పుడు మెరుగయ్యాయి అని సమర్థించేవాళ్లున్నారు, అందులో కొంత నిజముంది. కానీ టెలిగ్రామ్ డెస్క్‌టాప్ కూడా విండోస్, లినక్స్ రెండిటికీ ఒకే కోడే, సీ ప్లస్ ప్లస్ భాషలో క్యూటీ అనే టూల్‌కిట్ వాడి రాశారు, చాట్లు చూపించడానికి బ్రౌజర్ని వెనకేసుకుని తిరగదు. మెటాకంటే ఎన్నో రెట్లు చిన్న కంపెనీ చేయగలిగింది మెటా చేయలేదంటే అది చేతకానితనం కాదు, చేయాలనిలేకపోవడం.

మైక్రోసాఫ్ట్ అయినా అడుగుతుందా అంటే ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది. విండోస్‌లో ఉన్న తేలికపాటి మెయిల్ యాప్‌ని 2024 డిసెంబర్ 31తో ఆపేసి వెబ్ తొడుగేసిన కొత్త అవుట్‌లుక్‌ని జనం నెత్తిన పెట్టింది సాక్షాత్తూ ఆ కంపెనీయే. మన హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల నడిపే కంపెనీ అని ఊరుకోలేం. విండోస్ ఓనరే విండోస్ కోసం నేటివ్‌గా రాయకపోతే పక్కింటివాళ్లు ఎందుకు రాస్తారు?

ఇక్కడే మా అసలు భయం. రేపు ఏ బ్యాంకో ఏ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీయో ఇదే పని చేసి, మెటాయే చేసింది మాదేముంది అంటుంది. 2012లో నేటివే కరెక్ట్ అని మిగతావాళ్లకి దారి చూపించింది ఫేస్‌బుక్కే, ఇప్పుడు దాన్ని చెరిపేస్తున్నదీ అదే. ఫేస్‌బుక్ మెసెంజర్ డెస్క్‌టాప్ యాప్‌లని ఏకంగా 2025 డిసెంబర్ 15 నుంచి మూసేసి వెబ్‌సైట్‌కి పొమ్మంది, కనీసం అక్కడ దాపరికం లేదు. వాట్సాప్ దగ్గర మాత్రం వెబ్‌సైట్‌ని యాప్ అంటున్నారు.

మన ప్రభుత్వాలకీ ఇందులో పాత్ర ఉంది. ఆంధ్రప్రదేశ్ మెటాతో ఒప్పందం చేసుకుని 2025 జనవరిలో 161 ప్రభుత్వ సేవల్ని వాట్సాప్‌లోనే ఇచ్చే మన మిత్ర మొదలెట్టింది, తెలంగాణ మీసేవ కూడా వాట్సాప్ బాట పట్టింది. సర్టిఫికెట్లకీ బిల్లులకీ వాట్సాప్‌నే కౌంటర్ చేసుకున్నవాళ్లు, ఆ కౌంటర్ మా జనం దగ్గరున్న పాత కంప్యూటర్లలో ఎలా నడుస్తుంది అని ఒక్కసారైనా అడిగారా? ఒప్పందం రోజున శాలువాలు కప్పి ఫొటోలు దిగడానికి దొరికిన టైము ఒక లెటర్ రాయడానికి దొరకదా?

మెటాని మేం అడిగేది కూడా పెద్దదేం కాదు. పాత నేటివ్ యాప్‌ని కావాలన్నవాళ్లకి తిరిగివ్వండి, లేదా కొత్తదాన్ని నాలుగు జీబీల మెషీన్లో కూర్చోబెట్టి నడిపి చూపించండి. రెండూ కుదరవంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఆ పేరు పక్కన యాప్ అన్న మాట తీసేసి వెబ్‌సైట్ అని రాయండి, ఆమాత్రం నిజం చెప్పడానికి ఇంజినీర్లు కూడా అక్కర్లేదు.