లోపలి సర్కారుకు గుర్తింపు ఇవ్వాలి

జైళ్ళలో ముఠాలను కూకటివేళ్ళతో పెకలిస్తామని ఏదో ఒక రాష్ట్రంలో ఎవరో ఒక మంత్రిగారు ప్రకటిస్తూనే ఉంటారు. ఇది అన్యాయం. జాగా కేటాయింపు, పన్ను వసూలు, చేబదులు, తగాదాల పరిష్కారం, వకీలు ఏర్పాటు అన్నీ ఒకే మనిషి దగ్గర, దరఖాస్తు కూడా లేకుండా జరిగిపోయే చోటు ఈ దేశంలో జైలు బ్యారక్ ఒక్కటే. నడుస్తున్న సర్కారును పడగొట్టేముందు, రేపటినుంచి దాని పనులు ఎవరు చేస్తారో చెప్పడం మర్యాద.

తిరుపతి వాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. దర్శనం క్యూలో వంద మంది పట్టే కంపార్టుమెంటులో నూట ముప్పై మందిని కూర్చోబెట్టి, తలుపు ఎప్పుడు తీస్తారో చెప్పకుండా ఉంటే, "సామీ, నాకు తెలిసినాయన ఒకడుండాడు" అనే మనిషి ఎక్కడినుంచో తేలతాడు. ఆయన్ను ఎవరూ నియమించరు, రద్దీయే నియమిస్తుంది. క్యూ దగ్గర ఆయన్ను దళారి అంటారు, పోలీసులు పట్టుకుంటారు. జైల్లో అన్న అంటారు, ఎవరూ పట్టుకోరు. అప్పటికే పట్టుకుని ఉన్నారు కదా.

నూట ముప్పై అన్నది నోటికొచ్చిన అంకె కాదు. 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో 4,36,266 మందికి చోటుంటే, లోపల ఉన్నది 5,73,220 మంది. వంద చాపల జాగాలో నూట ముప్పై ఒక్క చాపలన్నమాట. వాళ్ళలో నూటికి డెబ్బై అయిదు మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్ళే. నమూనా జైలు మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో పడుకునే ఒక్కో మనిషికి 3.71 చదరపు మీటర్లు ఉండాలి, రాత్రిపూట పది మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. ఈ రద్దీతో లెక్కేస్తే ఆ 3.71 కాస్తా 2.82 దగ్గర ఆగుతుంది. అదీ సగటున. సగటు కాగితమ్మీద హాయిగా పడుకుంటుంది, మనుషులు నేలమీద పడుకోవాలి. ఫ్యాను కింద పట్టేవి నాలుగైదు చాపలు. దొడ్డి గోడ పక్కన ఎవరో ఒకరు పడుకుని తీరాలి. ఆ ఎవరో ఒకరు ఎవరనే ప్రశ్నకు మాన్యువల్‌లో జవాబు లేదు. అన్న దగ్గర ఉంది.

కొత్తవాడు లోపలికి రాగానే మూడు ప్రశ్నలు పడతాయి. "ఎవురి మనిషివి? యా ఊరు? ఏం కేసు?" ఆఫీసు రిజిస్టరులోనూ ఇంచుమించు ఇవే అడుగుతారు, కాకపోతే అక్కడ మొదటి ప్రశ్న ఉండదు. ఎవరి మనిషీ కాదన్నవాడు దొడ్డి గోడ పక్కకు పోతాడు. మర్నాటికి ఎవరో ఒకరి మనిషి అయిపోతాడు. రౌడీతనం మీద మోజుతో ముఠాలో చేరేవాళ్ళు ఉంటారు, లేకపోలేదు. ఎక్కువమంది చేరేది మాత్రం నిద్ర కోసం.

చేరిన తర్వాత ఆర్థిక వ్యవస్థ మొదలవుతుంది. లోపల నోట్లు చెల్లవు కాబట్టి బీడీ కట్ట చెల్లుతుంది. ఖైనీ పొట్లం, టీ పొడి, క్యాంటీన్ బిస్కెట్ చిల్లర కింద లెక్క. 2004లో అమెరికా ఫెడరల్ జైళ్ళలో పొగ మానిపిస్తే, సిగరెట్ పెట్టె స్థానంలోకి మాకెరెల్ చేప ప్యాకెట్టు వచ్చి కూర్చుంది. తినడానికి ఎవరూ పెద్దగా ఇష్టపడకపోవడం ఆ చేప గొప్ప గుణం, నాణెం అరిగిపోదు. వడ్డీ సూత్రం మాత్రం సముద్రానికి రెండువైపులా ఒకటే: ఒకటి తీసుకుంటే రెండు తిరిగివ్వాలి. గడువు వచ్చే ములాఖత్ దాకా. ములాఖత్‌కు వచ్చిన భార్య బయట ఎవరో చెప్పిన నంబరుకు ఫోన్‌పే కొడుతుంది. డిజిటల్ చెల్లింపుల్లో జైలు వెనకబడి ఉందని ఎవరైనా అంటే నమ్మకండి.

బస్సు చార్జీలకు డబ్బుల్లేక ఆమె రాలేకపోతే ఏమవుతుందో చూడండి, ఈ సర్కారు పనితనమంతా ఇక్కడే ఉంది. బాకీ రెట్టింపవుతుంది. దాన్ని పనితో తీర్చుకోవచ్చు: అన్న బట్టలు ఉతకడం, కాళ్ళు పట్టడం, చిన్న ఫోను తన చాప కింద పెట్టుకోవడం. సెర్చ్ జరిగి ఫోను దొరికితే "నాదే సార్" అనడం. అప్పుడు శిక్ష వాడికి పడుతుంది. ములాఖత్ కట్. ములాఖత్ కట్టయితే డబ్బు రాదు, డబ్బు రాకపోతే బాకీ మళ్ళీ పెరుగుతుంది. తప్పు ఖాతాలో బాకీదారు పేరు ఎక్కుతుంది, అన్న పేరు మచ్చలేకుండా ఉంటుంది. సత్ప్రవర్తన కింద శిక్ష తగ్గించే జాబితా తయారయ్యేటప్పుడు ఎవరి రికార్డు శుభ్రంగా కనిపిస్తుందో వేరే చెప్పాలా?

ఫోన్ల బెడదకు జామర్లు పెట్టారు. జామర్ నిజాయితీ గల యంత్రం. ఏ తరంగానికి పెడితే దాన్నే ఆపుతుంది. 2జీకి పెట్టిన జామర్ ముందు 4జీ ఫోను దర్జాగా మోగుతుంది. శక్తి పెంచితే గోడ అవతల వీధిలో ఇళ్ళవాళ్ళకు సిగ్నల్ పోయి, వాళ్ళొచ్చి ఫిర్యాదు చేస్తారు. శక్తి తగ్గిస్తారు.

ఇంత చెప్పినా "ఖైదీకి అధికారమా!" అని ముక్కున వేలేసుకునేవాళ్ళు 1894 నాటి జైళ్ళ చట్టం తిరగేయాలి. జైలు అధికారులుగా నియమించిన ఖైదీలను ప్రభుత్వోద్యోగులుగానే భావించాలని 23వ సెక్షన్ చెబుతుంది. కన్విక్ట్ ఓవర్సీర్, కన్విక్ట్ నైట్ వాచ్‌మన్ అనే పదవులు తెల్లదొర సిబ్బంది ఖర్చు మిగుల్చుకోవడానికి పెట్టినవే. అమెరికాలో టెక్సస్ వాళ్ళూ ఇదే దారిలో బలమైన ఖైదీల చేతికి బ్యారక్‌లు అప్పజెప్పారు. 1980లో కోర్టు తప్పుపట్టింది, ఆ తర్వాత ఆ పద్ధతి ఎత్తేశారు. తీసేసిన పెద్దల స్థానంలో సరిపడా గార్డులు మాత్రం రాలేదు. ఖాళీ కుర్చీకోసం ముఠాలు ఎగబడ్డాయి. 1984, 85 రెండేళ్ళలో 52 మంది ఖైదీలు హత్యకు గురయ్యారు. అన్నను తీసేసి వార్డర్ పోస్టు నింపకపోతే జరిగేది ఇది. అయినా వార్డర్ పోస్టు నింపాలంటే ఆర్థిక శాఖ అనుమతి కావాలి, అన్నకు అక్కర్లేదు.

మరో ప్రభుత్వ ఉపాయం బదిలీ. అన్న ఇక్కడ ఎక్కువ చేస్తున్నాడు, పరిపాలనా కారణాలతో వేరే జైలుకు పంపండి అంటారు. బ్రెజిల్లో దీన్ని శ్రద్ధగా అమలు చేశారు. 1992లో కరాందిరు జైల్లో పోలీసుల చేతిలో 111 మంది ఖైదీలు చనిపోయారు. మరుసటి ఏడాది తౌబాతే జైల్లో కొందరు ఖైదీలు, మళ్ళీ అలా జరగనివ్వమంటూ పీసీసీ అనే ముఠా పెట్టుకున్నారు. (మన పీసీసీతో దీనికి సంబంధం లేదు.) నాయకుల్ని విడదీయాలని వేరే వేరే జైళ్ళకు పంపారు. పంపిన ప్రతిచోటా ఒక శాఖ తెరుచుకుంది, ప్రయాణ ఖర్చులు సర్కారువే. 2006 మే నెలలో పదుల కొద్దీ జైళ్ళలో ఒకేసారి తిరుగుబాట్లు లేచాయి, బయట పోలీసుల మీద దాడులు జరిగాయి, సావో పాలో మహానగరం స్తంభించింది. మన దగ్గర ఆ స్థాయి సమన్వయం ఏ రెండు శాఖల మధ్యా కనపడదు.

రెండు వర్గాలుంటే వేర్వేరు బ్యారక్‌లలో పెట్టడం రాయలసీమకు పాత అలవాటే. కొట్టుకు చావకుండా అది అవసరమే. కాకపోతే ఏ వర్గమూ లేనివాణ్ణి రెండింట్లో ఒకదానికి పంపాల్సి వస్తుంది, వాడి సభ్యత్వానికి ఆఫీసు ముద్ర పడుతుంది. అలా విడదీసినా కొన్నిసార్లు పని జరగదు. 2008 నవంబరులో అనంతపురం జైల్లో పరిటాల రవి హత్య కేసు నిందితుడు మొద్దు శీనును తోటి ఖైదీయే డంబెల్‌తో కొట్టి చంపాడు. 2023 మే నెలలో తీహార్‌లో ప్రత్యర్థి ముఠావాళ్ళు ఒకణ్ణి పొడిచి చంపితే సీసీ కెమెరాలో అంతా స్పష్టంగా నమోదైంది. కెమెరా తన విధి తాను నిర్వర్తించింది. దగ్గర్లో డ్యూటీలో ఉన్న సిబ్బంది కూడా చూడటం వరకే చేశారని ఏడుగురిని సస్పెండ్ చేశారు.

మన జిల్లాకు వద్దాం. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కొట్టడానికి జవ్వాది కొండలనుంచి, తిరువణ్ణామలై చుట్టుపక్కలనుంచి కూలీలు వస్తారు. ఊళ్ళో మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, బండి ఎక్కిస్తాడు. దుంగ ఎక్కడికి పోతుందో, ఎంతకు అమ్ముతారో కూలీకి తెలియదు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర అడవిలో ఇరవైమంది కాల్పుల్లో చనిపోయాక కూడా మనుషులు రావడం ఆగలేదు, అడ్వాన్సు తీరనందుకు. పట్టుబడేది గొడ్డలి పట్టుకున్నవాడు. దుంగకు డబ్బు పెట్టినవాడు పట్టుబడటం అరుదు.

ఈ కూలీకి తెలుగు రాదు. రిమాండు రిపోర్టు తెలుగులో ఉంటుంది. బెయిలు వచ్చిందంటే ఆస్తి కాగితం, పన్ను రసీదు ఉన్న ఇద్దరు జామీనుదారులు కావాలంటారు, అదీ స్థానికులైతే మేలంటారు. కొండమీద గుడిసె తప్ప ఏమీ లేనివాడు చిత్తూరులో స్థానికుణ్ణి ఎక్కడ తెస్తాడు? వేరే జిల్లా జామీనుదారుణ్ణి ఆ కారణంతో తిరస్కరించకూడదని సుప్రీంకోర్టు మోతీరామ్ కేసులో 1978లోనే చెప్పింది. ఆ తీర్పు కొండ ఎక్కేసరికి మేస్త్రీ దిగొస్తాడు. తమిళం వచ్చిన వకీలు, కిరాయి జామీనుదారులు, తిరుగు ప్రయాణానికి బస్సు టికెట్టు అన్నీ ఆయనే చూసుకుంటాడు. ఖర్చు పాత అడ్వాన్సులో కలుస్తుంది. కూలీ చేయాల్సింది ఒక్కటే, ఎవరి పేరూ చెప్పకపోవడం. బయటికొచ్చాక బాకీ తీర్చడానికి అదే అడవి ఎక్కుతాడు. తనతో తమ్ముణ్ణి కూడా తీసుకొస్తే బాకీ త్వరగా తీరుతుంది. బ్యారక్‌లో పరిచయమైన డ్రైవర్, గంజాయి కేసు కుర్రాడు, ఇంకో మేస్త్రీ ఇకమీదట ఫోన్ నంబర్లు. పోయిన ఏడు గొడ్డలి పట్టినవాడు ఈ ఏడు స్మగ్లర్ల బండి ముందు పైలట్‌గా దారి చూస్తాడు. నైపుణ్యాభివృద్ధికి కోట్లు ఖర్చుపెట్టే ప్రభుత్వం పైసా ఖర్చులేని ఈ శిక్షణను గుర్తించకపోవడం శోచనీయం.

అందువల్ల సంబంధిత అధికారులకు సవినయంగా మనవి. ఈ వ్యవస్థకు హాని చేసే కొన్ని పనులు ఇప్పటికే చట్టంలో దూరి ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. 2024 జులై 1నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ చూడండి. అంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాడు, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల గడిపితే వదలాలట. ఆ సంగతి కోర్టుకు రాసి పంపే బాధ్యత జైలు సూపరింటెండెంటుదట. అదృష్టవశాత్తూ ఒకటికి మించి కేసులుంటే ఈ సౌకర్యం వర్తించదని అందులోనే ఉంది. ఒక స్టేషన్ కేసులో బెయిలు రాగానే ఇంకో స్టేషన్‌నుంచి పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాణ్ణి తమ కేసులో కోర్టుకు తెమ్మనే కాగితం) వచ్చేలా చూసుకుంటే సరి, అన్న చేతికింద మనిషి తగ్గడు.

2023లో వచ్చిన పేద ఖైదీల సహాయ పథకం మరీ ప్రమాదకరం. బెయిలు వచ్చి ఏడు రోజులైనా పూచీ సొమ్ము లేక లోపలే ఉన్నవాడి పేరు న్యాయసేవాధికార సంస్థకు పంపితే, ఒక హద్దు వరకు సర్కారే కడుతుందట. మనల్ని కాపాడుతున్నది ఒక్కటే: మంజూరు కమిటీలో కలెక్టర్, ఎస్పీ, జడ్జి, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు అధికారి ఉంటారు. ఈ అయిదుగురూ ఒక మధ్యాహ్నం ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. మేస్త్రీకి కోరం సమస్య లేదు.

ఒకవేళ ఎవరైనా ఉత్సాహవంతుడు ఆ సమావేశం పెట్టించి, తమిళం వచ్చిన సర్కారు వకీలును వారానికి ఒకరోజు జైలుకు పంపి, రిమాండు రిపోర్టును కూలీకి అర్థమయ్యే భాషలో చదివిస్తే, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులు వసూలు కాకుండా పోతాయి. ఆ నష్టపరిహారం ఏ పద్దు కింద చెల్లిస్తారో ముందుగా జీవో ఇచ్చి, ఆ తర్వాతే బెయిళ్ళ సంగతి చూడాలి.