మా ఇంటి వాల్యూ చైన్

నూనెగింజల వాల్యూ చైన్‌లో, అంటే విత్తనం నుంచి నూనె ప్యాకెట్టు దాకా సాగే గొలుసులో, సన్నకారు రైతు పాల్గొనడం లేదని పెద్దలు తెగ బాధపడుతున్నారు. వారి బాధ చూడలేక అనంతపురం జిల్లా నుంచి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా. అయ్యా, చైన్ లేకుండా ఇక్కడ శనక్కాయ విత్తనమే పడదు. జూన్‌లో ఇంటావిడ మెడలో చైన్ బ్యాంకులో పెడితేనే ఎకరాకు 60 కిలోల విత్తన పప్పు వచ్చేది.

పంట రుణం ఇవ్వరా అంటే, ఇస్తారు. నాకు సొంతం 2 ఎకరాలు, కౌలు 3. ఆ మూడెకరాల పాస్‌బుక్ ఉన్నాయన బెంగళూరులో ఉంటాడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు రుణం కోసం 11 నెలల కార్డు వస్తుంది, ఆయన సంతకం పెడితే. పెడితే భూమి పోతుందని ఆయన భయం. సంతకం పెట్టనందుకు కౌలు కూడా తగ్గించడు, అది వేరే సంగతి.

వాన గురించి నేనేమీ అనను. అది ఈ చైన్‌లో పాల్గొనడం ఎప్పుడో మానేసింది.

ఇక మార్కెట్. వ్యాపారి గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర గలగలలాడిస్తాడు. ఒకటి చిట్లించి, పప్పు పంటి కింద పెట్టి కళ్లు మూసుకుంటాడు. మేము ఊపిరి బిగబట్టి నిలబడతాం. "తేమ ఉందబ్బీ" అంటాడు. 8 శాతం దాటకూడదన్న తేమను మీటరు అవసరం లేకుండా పంటితోనే తేల్చే విద్య అది. తర్వాత మట్టికింత, తరుగుకింత, హమాలీకింత. ఇంకో అంగడికి పోదామంటే, జులైలో ఎరువులకు అప్పిచ్చింది ఆయనే. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. కొనుగోలు కేంద్రం కూడా తెరుస్తారు, మేము అమ్ముకున్నాక.

కాయలు కోసింది, ఒలిచింది, పుచ్చులు ఏరింది ఆడవాళ్లు. రిపోర్టుల్లో దాన్ని కుటుంబ శ్రమ అంటారు. కుటుంబం కాబట్టి కూలి లెక్క రాదు.

దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. దిగుమతిదారుల కడుపు కొట్టడం ఇష్టంలేక, కాటా దగ్గర్నుంచి వస్తూ నేనూ ఒక పామాయిల్ ప్యాకెట్టు కొన్నా. శనక్కాయ నూనె ఎంతని అడిగితే అంగడాయన "నీకెందుకబ్బీ" అన్నాడు.

ఇంటికొచ్చి ఇంటావిడకు శుభవార్త చెప్పా. 2024 అక్టోబరులో కేంద్రం నూనెగింజల మిషన్‌కు 10,103 కోట్లు ఇచ్చింది, చైన్ మొత్తం బలపరుస్తారట అని.

"నా చైన్‌కు వడ్డీ కట్టినావా లేదా?" అంది.