పావు అంగుళం ఎత్తు

మోకాలు గీరుకుపోయిన చోట ఇంకా మంటగానే ఉంది. కాబట్టి ఇందులో ఎక్కడైనా కోపం కనిపిస్తే సర్దుకోండి.

మాకో బ్యాండ్ సా ఉంది, పైనా కిందా ఉన్న రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపంతో కర్ర కోసే మిషన్. దాన్ని జరపడానికి అడుగున వేరే మూడు చక్రాలుంటాయి. వెనక రెండూ వాటి మానాన అవి ఉంటాయి. ముందున్నది మాత్రం పెడల్ తొక్కితే కిందికి దిగి, నేలకు ఆని, మిషన్‌ని లేపుతుంది. పెడల్ పైకి ఎత్తితే చక్రం ముడుచుకుంటుంది, మిషన్ తన కాళ్ల మీద తను కూర్చుంటుంది. రంపపు పొట్టూ గ్రీజూ కలిసి ఆ పెడల్ పిన్ దగ్గర పిడచ కట్టాయి. విప్పి, తుడిచి, బిగిస్తే అరగంట పని అనుకున్నాను. విప్పడం నిజంగా అరగంటే పట్టింది.

బిగించడానికి మాన్యువల్ తీశాను. బొమ్మలో నట్లూ వాషర్లూ అన్నీ గాల్లో తేలుతున్నాయి, మిషన్‌తో సహా. మొదటి వాక్యం: "మిషన్‌ను పైకి లేపండి." లేపడానికే కదా నాయనా ఈ చక్రం!

అసలు గొడవ స్టాప్ ప్లేటుతో వచ్చింది. అరచేతిలో సగం ఉండే రేకు ముక్క. ఒక అంచు మడిచి ఉంటుంది. ఆ మడత లోపలికి రావాలా, బయటికా? బొమ్మ గీసినవాడు సరిగ్గా ఆ మడత మీదే బాణం గుర్తు పెట్టి, బాణం చివర గుండ్రంగా సున్నా చుట్టి, అందులో 7 అని వేశాడు. 7 అంటే ఏమిటని కింద చూస్తే, "స్టాప్ ప్లేటు". అది నాకూ తెలుసు. మడత ఎటో చెప్పవయ్యా అంటే దాని పేరు చెబుతాడు.

పిన్ జారకుండా పట్టే సర్‌క్లిప్ ఎగిరిపోవడం, పొట్టులో అయస్కాంతం పెట్టి వెతకడం, అవన్నీ వదిలేస్తున్నాను. మొత్తానికి బిగించాను. మడత బయటికి పెట్టాను. బయటికి ఉంటేనే అందంగా అనిపించింది.

ఆ పెడల్‌కి ఒక గుణం ఉంది. కిందిదాకా తొక్కితే ఒకచోట టక్‌మని మధ్య గీత దాటుతుంది. ఆ తర్వాత మిషన్ బరువే దాన్ని నొక్కి పట్టి ఉంచుతుంది, మనం కాలు తీసేయొచ్చు. మడత తిరగేసి పెట్టిన మహానుభావుడికి ఆ టక్ వినపడదు. గీత ఇంకా వెంట్రుకవాసి ఉందనగా రేకు అడ్డం పడుతుంది. బలం చాల్లేదేమో అనుకుని, మిషన్‌ని కౌగిలించుకుని, రెండు కాళ్లతో పెడల్ ఎక్కి నిలబడ్డాను.

కదిలింది.

షెడ్డు నేల నీళ్లు పోవడానికని తలుపు వైపు వాలుగా ఉంటుంది. 150 కిలోల మిషన్, దాని మీద నేను, ఇద్దరం బయల్దేరాం. పరుగు కాదు, ఊరేగింపు. ఎంత నెమ్మది అంటే, నెల రోజులుగా వెతుకుతున్న మూలమట్టం బీరువా మీద కనబడింది, పలకరించినంత సేపు చూసుకున్నాను. దిగిపోవచ్చు కదా అంటారు. బ్యాండ్ సాకి బరువంతా పైనే ఉంటుంది: పై చక్రం, పోత ఇనుప టేబులు. నేను కాలు తీస్తే ముందు భాగం దభాలున కూలి, మిషన్ బోర్లా పడుతుందని నా లెక్క. అంటే ఆ క్షణంలో నేను దాని మీద సవారీ చేయడం లేదు, ప్రాణాలకు తెగించి దాన్ని కాపాడుతున్నాను. వర్క్‌బెంచ్ అంచు వచ్చి మోకాలు గీరినా కాలు తీయలేదు. కరెంటు వైరు సాగి, ప్లగ్గు ఊడి, తోకలా వెనకాలే వచ్చింది.

తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది.

"ఎక్కడికండీ?"

"దగ్గరికి రాకు! కాలు తీస్తే పడిపోతుంది!"

ఆవిడ వంగి మిషన్ కిందికి చూసింది. తాపీగా చూసింది.

"పావు అంగుళం కూడా లేవలేదండీ ఇది. ఎక్కణ్ణుంచి పడుతుంది? దిగండి."

దిగాను. మిషన్ దబ్బుమని కూడా అనలేదు. బ్రేకు వేసినట్టు అక్కడికక్కడే చతికిలబడింది. సరిగ్గా గుమ్మంలో, సగం లోపల, సగం బయట.

తలుపు మూసుకోవడం లేదు. రేకు తిప్పి బిగించాలంటే మళ్లీ మొదటి వాక్యం, "మిషన్‌ను పైకి లేపండి." ఎవరైనా పెడల్ మీద నిలబడితే నేను లోపలికి తోసేస్తాను. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.