పతకం కాలేజీది, బ్యాక్‌లాగ్ పిల్లలదా?

విశాఖ నగరంలోని ఒక కాలేజీ హాజరు చాలలేదంటూ తన ఆటగాళ్లకే సెమిస్టర్ పరీక్షల హాల్ టికెట్లు ఆపేసింది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లమని సంతకం పెట్టి పంపింది ఆ కాలేజీయే. గెలిచి వచ్చినప్పుడు గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టిందీ ఆ కాలేజీయే. ఇప్పుడు పరీక్ష హాలు బయట నిలబెట్టిందీ అదే. ఇది నిబంధనల అమలు అని యాజమాన్యం అంటోంది. మేం మాత్రం దీన్ని ద్వంద్వ నీతి అనే అంటాం.

హాజరు ఒకరికి సడలిస్తే రేపు ప్రతివాడూ ఏదో ఒక సర్టిఫికెట్ పట్టుకొస్తాడని కొందరు అధ్యాపకుల భయం. దొంగ స్పోర్ట్స్ సర్టిఫికెట్ల బెడద ఉన్నమాట నిజమే. కానీ ఈ పిల్లలను ఎంపిక చేసింది విశ్వవిద్యాలయం, పంపింది కాలేజీ. ఎవరు ఏ తేదీన ఎక్కడ ఆడారో మీ ఫైళ్లలోనే ఉంది. మీరు పంపిన విద్యార్థి క్లాసులో లేడని మీరే శిక్షించడం ఏ నిబంధన?

అసలు సమస్య హాజరుతో ఆగదు. ఆటలు నేర్పే పీడీ సార్ ఇచ్చిన ఓడీ లెటర్ (కాలేజీ పని మీదే వెళ్లారనే కాగితం) పట్టుకుని విద్యార్థి డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతాడు. డిపార్ట్‌మెంట్ పెద్ద హెచ్‌ఓడీ ప్రిన్సిపాల్‌ను అడగమంటారు, ప్రిన్సిపాల్ పరీక్షల విభాగం వైపు చూపిస్తారు. చివరికి పరీక్షకు కావాల్సిన 75 శాతం హాజరు లెక్క ఎలాగో సరిపెట్టినా, పోయిన పాఠం ఎవరు చెబుతారు? సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్ష రోజున ఇలాంటి ఒక అమ్మాయి చెన్నైలోనో మంగళూరులోనో ఆట కోర్టులో ఉంది. ఇంటర్నల్ మార్కులు పోయాయి. ల్యాబ్‌లో చేయని ప్రయోగాలను రికార్డులో స్నేహితురాలి పుస్తకం చూసి దించుకుంది. పొద్దున ఐదున్నరకే గ్రౌండ్‌లో ఉండే పిల్ల మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడితే బద్ధకమని తిట్టారు. హాజరు కాగితం మీద ఇవ్వొచ్చు. చదువు అలా ఇవ్వలేరు. ఆ చదువు సంగతి విశాఖలో ఏ కాలేజీ పట్టించుకుంటోంది?

పతకం వస్తే మాత్రం అందరికీ గుర్తుంటుంది. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ సంస్థ గుర్తింపు కోసం పంపే నివేదికలో విద్యార్థులు గెలిచిన క్రీడా అవార్డుల లెక్క రాసే చోటు ఉంది. అడ్మిషన్ల కరపత్రంలో వాళ్ల ఫొటోలు ఉంటాయి. ఆ ఫొటోలోని కుర్రాడికి ఎన్ని సబ్జెక్టులు పాసవకుండా బ్యాక్‌లాగ్‌గా మిగిలాయో కరపత్రం వేయించినవారిని అడగండి. చెప్పలేరు.

అమెరికాలో విశ్వవిద్యాలయ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. అందులో పై అంచె అయిన డివిజన్ 1లో ఆటగాళ్లకు విద్యా సలహాదారులు, ట్యూటర్లు ఉండాలన్నది నియమం. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి సాధన చేయించకూడదన్న హద్దు కూడా ఉంది. అక్కడ అంతా సవ్యంగా ఉందని మేం చెప్పడం లేదు. చాపెల్‌హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 1993 నుంచి 2011 దాకా జరగని క్లాసులకు మార్కులు వేశారని 2014లో వచ్చిన విచారణ నివేదిక తేల్చింది. అలా లబ్ధి పొందిన సుమారు 3,100 మందిలో దాదాపు సగం మంది ఆటగాళ్లే. వారికి చదువులో సాయపడాల్సిన సలహాదారుల్లో కొందరు వారిని ఆ క్లాసులకే మళ్లించారు. అది సాయం కాదు, ఆ పిల్లలకు చదువు లేకుండా చేసిన మోసం. మేం అడుగుతున్నది పుణ్యానికి వేసే మార్కులు కాదు. పాఠం అడుగుతున్నాం, పరీక్ష రాసే అవకాశం అడుగుతున్నాం.

ఇక్కడ ఆడే పిల్లలు ఎవరో కూడా చూడాలి. పాడేరు, అరకు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నవారు, మత్స్యకారుల వాడ జాలరిపేట పిల్లలు, విజయనగరం జిల్లా పల్లెల నుంచి వచ్చిన వెయిట్‌లిఫ్టర్లు. వీరిలో చాలామందికి ప్రైవేటు ట్యూషన్ పెట్టించుకునే స్తోమత లేదు. వీరి ఆశంతా స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీదే. రైల్వేలో ఆ కోటా కింద ఎక్కువ జీతముండే లెవెల్ 4, 5 పోస్టులకు డిగ్రీ కావాలి. ఇంటర్ సర్టిఫికెట్ మాత్రమే చేతిలో ఉంటే లెవెల్ 2, 3తో సరిపెట్టుకోవాలి. మోకాలి గాయంతో ఆట ఆగిపోతే డిగ్రీ ఒక్కటే దిక్కు. ఒక్క సెమిస్టర్ పోగొట్టిన కాలేజీ ఆ కుటుంబానికి ఎన్నేళ్ల జీతం పోగొడుతోందో లెక్క వేసుకోవాలి.

ఈ ఊరి బిడ్డ జ్యోతి యర్రాజి 2023లో చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యం గెలిచినప్పుడు నగరమంతా పొంగిపోయింది. ఆ పోటీలు విశ్వవిద్యాలయ విద్యార్థులవి. చదువు సాగితేనే అలాంటి బరిలోకి దిగే అర్హత ఉంటుంది. ఇంకో జ్యోతి కావాలంటూ వేదికల మీద ఉపన్యాసాలు ఇచ్చేవారు, అదే దారిలో ఉన్న అమ్మాయిని పరీక్ష రాయనివ్వకుండా డిటెయిన్ చేయడానికి ఎలా ఒప్పుకుంటున్నారు?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. జాతీయ, అంతర్జాతీయ పోటీల వల్ల బోర్డు పరీక్ష తప్పిపోయే ఆటగాళ్లకు సీబీఎస్‌ఈ విడిగా పరీక్ష పెడుతోంది. బడి పిల్లలకు బోర్డు చేయగలిగింది డిగ్రీ పిల్లలకు విశ్వవిద్యాలయాలు ఎందుకు చేయవు? పోటీల తేదీలు ముందే వస్తాయి, పరీక్షల టైమ్‌టేబుల్ కూడా ముందే వస్తుంది. ఒకే విశ్వవిద్యాలయంలోని రెండు విభాగాలు ఒకరి క్యాలెండర్ ఒకరు చూసుకోవు. ప్రతి కాలేజీలో ఆటగాళ్ల చదువు చూసే అధ్యాపకుడు ఒకరు ఉండాలి. ఆ పని గంటలను ఆయన బోధనా గంటల్లో కలపాలి, లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది. తిరిగొచ్చిన వారానికే తప్పిన ల్యాబ్‌లు, మిడ్‌లు మళ్లీ పెట్టాలి. బ్యాక్‌లాగ్ కోసం సప్లిమెంటరీ దాకా ఆగమని చెప్పడం సాయం కాదు.

ఈ సెమిస్టర్ పరీక్షలు ఇంకా ముగియలేదు. ఆపిన హాల్ టికెట్లు రేపటి పేపరుకే ఇవ్వాలి. పోయిన పేపర్లకు ఈ సెమిస్టర్‌లోనే విడిగా పరీక్ష పెట్టాలని విశ్వవిద్యాలయం ఉత్తర్వు ఇవ్వాలి. ఇందుకు కమిటీ వేస్తామని ఎవరూ చెప్పొద్దు. కమిటీ నివేదిక వచ్చేలోపు ఈ పిల్లలకు ఏడాది పోతుంది, ఆ సంగతి ప్రిన్సిపాళ్లకు బాగా తెలుసు.