ప్రతిదానికీ ఓ కారణం ఉంటుంది బాబూ

ముందుగా ఒక విన్నపం. రేపు నాకేమన్నా అయితే, అంటే కాలో చెయ్యో విరగడం దగ్గర్నుంచి ఏకంగా మనిషే పోవడం దాకా ఏదైనా సరే, దయచేసి మా ఇంటికొచ్చి మావాళ్ళ భుజం మీద చెయ్యేసి "ప్రతిదానికీ ఓ కారణం ఉంటుంది" అని మాత్రం అనకండి. మరీ ఆపుకోలేకపోతే గుమ్మం బయటే నిలబడి గోడకి చెప్పుకుని వెళ్ళిపోండి. గోడ ఏమీ అనుకోదు.

ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకో దండం. ఉద్యోగం పోయినా సరిపోద్ది, పెళ్ళి పెటాకులైనా సరిపోద్ది, కిడ్నీ పాడైనా, ఇల్లు కాలిపోయినా సరిపోద్ది. ఫ్రీ సైజు. కొలతలు తీసుకునే పనిలేదు, అవతలివాడి పేరు కూడా తెలియక్కర్లేదు. చెప్పినాయనకి పైసా ఖర్చు లేదు, పూట నిద్ర చెడదు, తిరిగెళ్ళేటప్పుడు మాత్రం ఏదో కొండంత సాయం చేసొచ్చిన ఫీలింగ్ ఫుల్లుగా ఉంటుంది.

విషయం ఏంటంటే మా ఫ్రెండ్ వాళ్ళ తమ్ముడు పోయాడు. 31 ఏళ్ళు. నైట్ షిఫ్టు దిగి బండి మీద ఇంటికొస్తూ, మా వీధి మలుపులో పైపుల కోసం తవ్వి వదిలేసిన గోతిలో పడ్డాడు. నేను వెళ్ళేసరికి వాళ్ళమ్మగారు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు, చేతిలో వాడి తాళాల గుత్తి. ఒక్కో తాళం పక్కకి జరుపుతున్నారు, అన్నీ అయిపోయాక మళ్ళీ మొదట్నుంచి జరుపుతున్నారు. ఏడవట్లేదు, ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది. అంతలో మా అపార్ట్‌మెంట్ పెద్దాయన వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు, ఫోన్ సైలెంట్‌లో పెట్టారు, గొంతు సవరించుకున్నారు, "అమ్మా, ప్రతిదానికీ ఓ కారణం ఉంటుంది. పైవాడు ఏం చేసినా మన మంచికే చేస్తాడు, మనకిప్పుడు అర్థం కాదంతే" అన్నారు.

ఆవిడ తలూపారు. ఏం చేస్తారు మరి, ఇంటికొచ్చిన పెద్దమనిషి, ఊపకపోతే నొచ్చుకుంటాడేమో. కొడుకు పోయి ఒక రోజు కాలేదు, ఆవిడే ఆయన్ని ఓదార్చాల్సొచ్చింది.

ఇప్పుడీ పెద్దాయన గురించి కొంచెం చెప్పాలి. కొంచెం అంటున్నా గానీ ఎక్కువే చెప్తా, తప్పదు. దీనికి సరిగ్గా రెండు వారాల ముందు ఆయన కొత్త కారు ఎడమవైపు డోర్ మీద ఎవరో గీత గీశారు. చూపుడువేలంత గీత. తెల్లారేసరికి మా పార్కింగ్ మొత్తం క్రైమ్ సీన్ అయిపోయింది. టార్చిలైటు వచ్చింది, టేపు వచ్చింది, గీత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచారు, ఆ ఎత్తులో ఉండే హ్యాండిళ్ళూ పెడళ్ళూ ఏ బండికున్నాయో ఒక్కోటీ కొలిచారు. రెండో క్లాసు చదివే పిల్లాడి సైకిల్ తెప్పించి, ఆ పిల్లాణ్ణే ఎక్కించి, "ఎలా వెళ్తావో ఓసారి వెళ్ళి చూపించు నాన్నా" అని రీక్రియేషన్ కూడా చేయించారు. వాడు ఏడుపు మొదలెడితే "చూశారా, తప్పు చెయ్యకపోతే ఎందుకు ఏడుస్తాడు" అన్నారు. ఆ తర్వాత సీసీటీవీ. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మొత్తం ఫుటేజీ, వాచ్‌మన్‌నీ నన్నూ చెరోపక్క కూర్చోబెట్టుకుని చూశారు. 2:17కి ఒక పిల్లి వచ్చింది. ఆ పిల్లిని నాలుగుసార్లు వెనక్కి తిప్పి, ఆపి, జూమ్ చేసి చూశాం. పిల్లి గోరుకి అంత లోతు రాదని వాచ్‌మన్ అభిప్రాయం, వస్తుందని ఆయన అభిప్రాయం, నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.

చూశారా, ఒక్కసారన్నా "ప్రతిదానికీ ఓ కారణం ఉంటుంది, పోనీలే" అన్నారా? అనలేదు. కారణం వెతికారు. టేపు పెట్టి మరీ వెతికారు.

ఆ రోజు నాకు తట్టలేదు గానీ తర్వాత చాలా రాత్రులు నిద్రపట్టక ఇదే ఊహించుకున్నా. మేమందరం ఆ కారుకి పరామర్శకి వెళ్ళాలి. ఒక్కొక్కరుగా లిఫ్ట్ దిగి రావాలి, మెల్లిగా నడవాలి, బానెట్ మీద చెయ్యేసి కాసేపు నిలబడాలి. మొదటి ఫ్లోర్ ఆంటీ, "బాధపడకండి అన్నయ్యగారూ, మంచి కార్లనే దేవుడు ముందు గీకించుకుంటాడు" అనాలి. ఎదురింటి కుర్రాడు, "కనీసం ఎక్కువ బాధపడలేదంకుల్, ఒక్క క్షణంలో గీసుకుపోయింది, అదీ అదృష్టమే" అనాలి. ఇంకొకాయన, "గుండె రాయి చేసుకోండి, ఇంకో మూడు డోర్లున్నాయిగా, వాటి మొహం చూసి బతకాలి" అనాలి. ఆఖర్న నేను వెళ్ళి, "ఈ గీత మీకేదో నేర్పడానికే వచ్చింది అంకుల్, విశ్వం మీ డోర్ మీద ఏదో రాద్దామనుకుంది, మనకిప్పుడు చదవడం రావట్లేదంతే" అనాలి. అప్పుడాయన మొహం చూడాలి నాకు. ఇంకేం అక్కర్లేదు ఈ జన్మకి.

మూడు డోర్ల మాట నవ్వులకి రాయలేదు. వాళ్ళమ్మగారితో "ఇంకో కొడుకున్నాడుగా తల్లీ" అని నిజంగానే అన్నారు. ఆ ఇంకో కొడుకు అక్కడే నిలబడి ఉన్నాడు.

మొదటి రకం కాస్త నయం, కారణాన్ని పైకి నెట్టేస్తారు. రెండో రకం వాళ్ళుంటారు, వీళ్ళు కారణాన్ని పోయినవాడి మీదే పెట్టి పోతారు. "హెల్మెట్ పెట్టుకున్నాడా?" పెట్టుకున్నాడు. "మంచి కంపెనీదేనా?" మంచిదే. "స్ట్రాప్ బిగించుకున్నాడా?" బిగించుకున్నాడండీ. అప్పుడు వాళ్ళ మొహంలో చిన్న నిరాశ కనిపిస్తుంది, గమనించారా ఎప్పుడైనా? స్ట్రాప్ బిగించుకోలేదని తెలిస్తే హాయిగా ఇంటికెళ్ళి పడుకోవచ్చు, ఎందుకంటే మనం బిగించుకుంటాం కాబట్టి మనకేం కాదు. బిగించుకున్నా పోయాడంటేనే గొడవ, రేపు మనమూ పోవచ్చు. అందుకని ఇంకో ప్రశ్న వెతుక్కుంటారు, "అసలంత రాత్రప్పుడు బయట పనేంటి?" షిఫ్టండీ. ఉద్యోగం. జీతం.

ఇది నా కడుపుమంట ఒక్కటే కాదు, దీన్ని ల్యాబ్‌లో పెట్టి చూసినవాళ్ళున్నారు. మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1966లో ఒక ప్రయోగం అచ్చేశారు. ఒకమ్మాయికి కరెంటు షాకులు కొడుతున్నట్టు నటింపజేసి దాన్ని వేరే స్టూడెంట్లకి చూపించారు. షాకులు ఆపే అవకాశం చేతిలో ఉన్నవాళ్ళు ఆ అమ్మాయి గురించి మామూలుగానే మాట్లాడారు. ఆపలేం, ఇంకా పడతాయి అని తెలిసినవాళ్ళు మెల్లగా ఆ అమ్మాయినే తక్కువ చేసి మాట్లాడ్డం మొదలుపెట్టారు. అంటే మన వల్ల కాని కష్టం కళ్ళ ముందుంటే మనకి ఊపిరాడదు, అందుకని ఆ కష్టపడేవాళ్ళలోనే ఏదో తేడా ఉండుంటుంది అనేసుకుంటాం. లోకం న్యాయంగా ఉందని నమ్మడం కోసం ఎదుటోడికి ఎంత అన్యాయమైనా చేసేస్తాం. దీనికి జస్ట్ వరల్డ్, అంటే న్యాయమైన లోకం, అని ముద్దుగా పేరు కూడా పెట్టారు.

నిజానికి పెద్దాయన్నొక్కణ్ణే తిట్టి లాభం లేదు, మహామహులకే ఉంది ఈ జబ్బు. లైబ్‌నిట్జ్ అని జర్మన్ మేధావి, కాలిక్యులస్ కనిపెట్టినవాళ్ళలో ఒకడు, అంటే లెక్కలు రానివాడేం కాదు, 1710లో పుస్తకం రాసి మరీ తేల్చేశాడు, దేవుడు చెయ్యగలిగిన లోకాలన్నిట్లోకీ ఇదే బెస్టు అని. ఇదే బెస్టు పీస్ అయితే షోరూమ్‌లో మిగిలినవి ఎలా ఉండేవో నాకు తెలుసుకోవాలని కూడా లేదు. తర్వాత 1755 నవంబర్ 1న, పండగ రోజు, పొద్దున జనం చర్చిల్లో నిండుగా ఉన్నప్పుడు పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చింది. చర్చిలు జనం మీదే కూలాయి. బతికినవాళ్ళు బతుకుజీవుడా అని నదీతీరానికి పరిగెత్తితే సముద్రం మీదకొచ్చింది, మిగిలిన ఊరిని మంటలు చూసుకున్నాయి. వేల మంది.

అప్పుడు ఆ ఊళ్ళో కారణం వెతికినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకాయన మలగ్రిడా అనే ఫాదర్, భూకంపానికి నిజమైన కారణం ఇదీ అని 1756లో చిన్న పుస్తకం వేశాడు. కారణం మీ పాపాలే, పశ్చాత్తాపపడండి, అంతే. ఇంకొకాయన మంత్రి, తర్వాత పోంబాల్ మార్క్విస్ అని పేరుపడ్డాడు, మంచివాడని చెప్పను, చాలా కర్కోటకుడు. కానీ ఆయన దేశంలో ఊరూరికీ ప్రశ్నల కాగితం పంపించాడు. ఎంతసేపు ఊగింది, ఎన్నిసార్లు ఊగింది, సముద్రం ముందు వెనక్కి పోయిందా ముందుకొచ్చిందా, ఎంతమంది పోయారు. భూకంపాల శాస్త్రం అక్కడ మొదలైందంటారు. ఇద్దరూ కారణమే అడిగారు చూడండి, మాట ఒకటే. ఒకడు అడిగితే జనం తలొంచుకుని ఇంటికెళ్తారు, ఇంకోడు అడిగితే ఈసారి కట్టే ఇల్లు కూలకుండా ఎలా కట్టాలా అని ఆలోచిస్తారు.

సరే, నాకూ ఒక కాగితం ఇవ్వండి, నింపుతా.

కారణం ఉంది. ఎందుకు లేదు, నేను చూశా దాన్ని. లోతు మనిషెత్తు. మూడు వారాలుగా నోరు తెరుచుకునే ఉంది. అడ్డంగా ఒక బారికేడ్ లేదు, ఎర్రలైటు లేదు, మెరిసే టేపు ముక్క లేదు, పైన వీధి దీపం వెలగదు. పైపులు ఇంకా రాలేదట, గొయ్యి మాత్రం ముందే వచ్చేసింది. తవ్వమని సంతకం పెట్టినవాడు ఒకడున్నాడు, తవ్వినవాడు ఒకడున్నాడు, చుట్టూ కంచె కట్టాల్సినవాడు ఒకడున్నాడు, వీళ్ళందరికీ పేర్లున్నాయి, జీతాలున్నాయి, రాత్రిపూట నిద్ర ఉంది. మీరు ఆ తల్లి దగ్గర కూర్చుని పైవాడు పైవాడు అంటున్నంతసేపూ వీళ్ళ జోలికి పోయేవాడు లేడు. పైవాడి మీదికి నెట్టేశాక కిందవాణ్ణి ఎవడడుగుతాడు? ఓదార్పు కాదండీ అది, కేసు కొట్టేయడం. గోతిని మట్టితో పూడ్చరు గానీ మాటల్తో మాత్రం చక్కగా పూడ్చేస్తారు, అదీ మనిషి లోపలుండగానే. సిగ్గులేదూ అసలు!

నేనేదో శుద్ధపూసలా రాస్తున్నా గానీ, నేనూ ఆ మలుపులోంచి రోజూ వెళ్ళేవాణ్ణి. మూడు వారాలూ వెళ్ళా. గొయ్యి రాగానే బండి కుడివైపుకి తిప్పేవాణ్ణి. ఎవరో ఒకరు కంప్లైంట్ ఇచ్చే ఉంటార్లే అనుకునేవాణ్ణి. రెండు రోజులకి అలవాటైపోయి అనుకోవడం కూడా మానేశా, చెయ్యి దానంతటదే తిరిగేది. ఆ కాగితంలో నా పేరుకీ ఒక గడి ఉండాలి. పెద్దాయన మాట నాక్కూడా ఎంత హాయిగా ఉండేదో ఆలోచించండి.

బుద్ధుడి దగ్గరికి కిసాగౌతమి పోయిన బిడ్డనెత్తుకుని వచ్చి మందు అడిగితే ఆయన, చెప్పాలంటే ఎన్ని చెప్పగలడు, కూర్చోబెట్టి పూర్వజన్మల లిస్టు చదవలేదు. చావు చూడని ఇంటి నుంచి నాలుగు ఆవాలు పట్రమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరిగింది, దొరకలేదు, వాళ్ళ చావుల కబుర్లు విని వెనక్కొచ్చింది. నీ మంచికేనమ్మా అన్నట్టు ఆ కథలో ఎక్కడా లేదు.

ఆ రోజు ఆ ఇంట్లో నాకు పనికొచ్చే మాటలా వినిపించింది ఒక్కటే. వాడితో పనిచేసే కుర్రాడనుకుంటా, యూనిఫాంలోనే వచ్చాడు, గుమ్మం దగ్గరే నిలబడి "ఆంటీ, బండి స్టేషన్లో పెట్టారంట, నేనెళ్ళి తెస్తా, తాళం ఇస్తారా" అన్నాడు. ఆవిడ ఇవ్వలేదు, ఇంకా గట్టిగా పట్టుకున్నారు. వాడు మళ్ళీ అడగలేదు, వచ్చి పక్కన కింద కూర్చున్నాడు. నేను వచ్చేసేటప్పటికి కూడా అలాగే ఉన్నాడు, గోడకి ఆనుకుని, ఏం మాట్లాడకుండా.

గొయ్యి గురించి అర్జీ ఒకటి రాసి సంతకాలకి తిప్పాను. పదకొండు వచ్చాయి. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు, రెండు చోట్ల అక్షరదోషాలు దిద్దారు, "ఇలాంటివాటిలో మనమెందుకు బాబూ, పోయినవాడు తిరిగొస్తాడా" అని కాగితం వెనక్కిచ్చేశారు. మొన్న ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పార్కింగ్‌కి ఇంకో నాలుగు కెమెరాలు ఏకగ్రీవంగా పాసయ్యాయి. ఆ నాలుగింట్లో ఒకటి గేటు బయట మలుపు వైపు పెడదామా అని నేనడిగాను.

"అక్కడ మన కార్లుండవు కదా బాబూ" అన్నారు.