శ్రీయుత 500 గారికి బహిరంగ లేఖ

అయ్యా 500 గారూ,

నమస్కారం. సర్వర్ లోపల ఏదైనా చెడి వెబ్‌సైటు తెరుచుకోనప్పుడు తెర మీద కనిపించే ఎర్రర్ నంబరు మీరే కదా! అమీర్‌పేటలోని ఒక ఇరుకు ఆఫీసు నుంచి రాస్తున్నాను. మీరు క్షేమమేనని ఏ బ్రౌజర్ తెరిచినా తెలుస్తూనే ఉంది.

సర్వర్లో సి డ్రైవ్ నిండిపోయిందని కోఠి చీరల షాపు సైటును డి డ్రైవ్‌కు మార్చాం. ఫైళ్ళన్నీ వెళ్ళాయి, సైజు సరిపోయింది, సైటును నడిపే ఐఐఎస్ అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఫిజికల్ పాత్, అంటే ఫైళ్ళుండే చోటు చిరునామా, కూడా మార్చాం. తీరా సైటు తెరిస్తే మీరు దర్శనమిచ్చారు. ‘ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్’. లోపలే ఏదో అయిందని మాకూ తెలుసు స్వామీ! బయట రోడ్డు మీదైతే కార్పొరేటర్‌కు చెప్పుకునేవాళ్ళం.

ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట మీ అలవాటు. సర్వర్ ముందే కూర్చుని లోకల్‌హోస్ట్ అని కొడితే 500.19 అనీ, సైటు సెట్టింగులుండే వెబ్ కాన్ఫిగ్ ఫైలు చదవడానికి పర్మిషన్ లేదనీ, ఏ ఫైలో దాని పాత్‌తో సహా చెబుతారు. బయటివాళ్ళకు మాత్రం నోరు విప్పరు. దొంగలకు ఆనవాళ్ళు అందకూడదనట, ఒప్పుకుంటాను. కానీ ఫోన్ చేసింది దొంగ కాదు, షాపు ఓనర్. ‘అన్నా, సైట్ ఓపెన్ అయితలేదు, ఐదు వందలు అని వస్తుంది. ఎవరికి కట్టాలె?’ అన్నాడు.

సర్వర్ చిట్టా రాసుకునే మీ లాగ్ సంగతీ ఇంతే. మనం ఉన్నది హైదరాబాద్, అది టైము రాసేది యూటీసీలో, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో. పొద్దున పదింటికి సైటు పడిపోతే లాగ్‌లో 04:30 అని ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు పది దగ్గర వెతికి, ‘ఆ టైముకు ఒక్క లైనూ లేదు సార్, సర్వరే ఆగిపోయినట్టుంది’ అని అందరికీ టెన్షన్ పెట్టాడు. అయిదున్నర గంటలు వెనక్కి వెళ్తే దొరికింది: 500 19 5. ఆ చివరి 5 అంటే యాక్సెస్ డినైడ్. ఈ ఒక్క ముక్క ముందే అనుంటే మీ సొమ్మేం పోయేది?

అసలు గొడవ పర్మిషన్లది. ఒకే డ్రైవ్‌లో ఫోల్డర్ జరిపితే పాత పర్మిషన్లు దానితోనే వస్తాయి. వేరే డ్రైవ్‌కు పంపితే మాత్రం పాతవి వదిలేసి, అక్కడి పై ఫోల్డర్‌వి తగిలించుకుంటుంది. ఫ్లాట్ మారితే కొత్త వాచ్‌మన్ మనల్ని గేటు దగ్గరే ఆపినట్టు. మా డి డ్రైవ్‌లో సెక్యూరిటీ పేరుతో ఎవరో పుణ్యాత్ములు, మామూలు ఖాతాలకు దారి ఇచ్చే యూజర్స్ గ్రూపును ముందే పీకేశారు. దాంతో సైటు ఏ ఖాతా పేరు మీద నడుస్తుందో ఆ అప్లికేషన్ పూల్ ఖాతాకు లోపలికి దారే లేదు. విండోస్‌లో ఫైళ్ళు కాపీ చేసే రోబోకాపీ కమాండ్‌కు సెక్ అనే స్విచ్ తగిలిస్తే పర్మిషన్లు కూడా వెంట వస్తాయి. అడగకపోతే అది తేదు, తేలేదని చెప్పదు కూడా.

ఇక్కడ మా కుర్రాడి వైద్యం గురించి చెప్పాలి. ‘ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేద్దాం సార్, పని అయిపోతుంది.’ నిజమే, అయిపోతుంది. సైటూ అయిపోతుంది. ఆ చెయ్యి పట్టుకుని ఆపి, పూల్ ఖాతాకు చదివే హక్కు మాత్రం ఇచ్చాం. హోమ్ పేజీ వచ్చింది, చీరలు కనబడ్డాయి, అందరికీ చాయ్ చెప్పాం.

చాయ్ రాకముందే మళ్ళీ మీరు! ఓనర్ కొత్త పట్టుచీర ఫోటో ఎక్కించబోయాడు. అప్‌లోడ్ ఫోల్డర్‌కు రాసే హక్కు కూడా కావాలి. పాతచోట ఎవరో ఎప్పుడో ఇచ్చి మరిచిపోయారు. అది సరిచేశాక ఫోటో ఎక్కింది గానీ సైటులో కనబడలేదు. కారణం, సైటులో ఫోల్డర్‌లా కనబడుతూ వేరే చోటుకు దారి చూపే ఇమేజెస్ అనే వర్చువల్ డైరెక్టరీ ఇంకా సి డ్రైవ్ వైపే చూస్తోంది. సైటు పాత్ మారిస్తే దాని పాత్ మారదు, విడిగా మార్చాలి. ఇందులో మీ తప్పు లేదు లెండి, ఈసారి వచ్చింది ‘అడిగింది ఇక్కడ లేదు’ అనే 404 గారు.

వారికి విడిగా రాస్తాను. దానికంటే ముందు బ్యాకప్ స్క్రిప్ట్‌కు రాయాలి. అది ఇప్పటికీ సి డ్రైవ్‌లోని పాత ఫోల్డర్నే రోజూ రాత్రి కాపీ చేసి, పొద్దున్నే ‘సక్సెస్’ అని మెయిల్ పెడుతోంది.

ఇట్లు,
మీ నిత్య దర్శనార్థి