అసలైన ఆల్టర్నేటర్ కావలెను, ఛార్జింగ్ ఐచ్ఛికం

పాత కారుకు పూర్వవైభవం తెచ్చి పోటీలో న్యాయనిర్ణేతల ముందు నిలబెట్టే క్రతువులో, ఇంజను తిప్పగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ అనే యంత్రం బ్యాటరీని ఛార్జ్ చేస్తుందా లేదా అన్నది చిట్టచివరి ప్రశ్న. ఆ ప్రశ్నను మొదటే అడిగినవారు ఈ శాస్త్రంలో తమకు ఇంకా అక్షరాభ్యాసం కాలేదని తామే చాటుకున్నట్టు లెక్క. ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఏ విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతుంది కనుక అందులో గొప్పేమీ లేదు. దాన్ని పనితనం బట్టి కాక పుట్టుపూర్వోత్తరాలను బట్టి ఎంచవలెనన్నది పెద్దల నిర్ణయం.

ముందుగా తేల్చవలసినది, ఆ కారుకు పుట్టుకతో ఆల్టర్నేటర్ ఉన్నదా అని. క్రైస్లర్ సంస్థ 1960 మోడల్ వేలియంట్‌కు దాన్ని అమర్చింది గాని, ఆ తరువాత కూడా చాలా కార్లు కొన్నేళ్లపాటు అదే పని చేసే పాతరకం యంత్రమైన డైనమోతోనే బయటికి వచ్చాయి. జాగ్వార్ ఈ-టైప్‌లో 3.8 లీటర్ల ఇంజనుకు డైనమో, 1964లో వచ్చిన 4.2 లీటర్ల ఇంజనుకు ఆల్టర్నేటర్. ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు 1967 దాకా డైనమోతో, బ్యాటరీ పాజిటివ్ కొసను కారు బాడీకి కలిపే పాజిటివ్ ఎర్త్‌తోనే నడిచింది. 1963 నాటి ఎం.జి.బి.కి ఆల్టర్నేటర్ బిగించి, ఎర్త్ తిరగేసి, సిగ్నల్ దగ్గర ఆగినా హెడ్‌లైట్లు మసకబారడం లేదని మురిసిపోయే యజమానులు ఉన్నారు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో చాలినంత కరెంటు ఇవ్వలేదు. ఆ మసక వెలుతురు చారిత్రక ఆధారం, దాన్ని చెరిపివేసే హక్కు వారికి ఎవరిచ్చారు?

ఇక ముద్రల సంగతి. 1960ల నాటి జనరల్ మోటార్స్ కారులో డెల్కో-రెమీ ఆల్టర్నేటర్ ముందువైపు అల్యూమినియం తొడుగును గుడ్డతో తుడిస్తే, 1100తో మొదలయ్యే ఏడంకెల సంఖ్య, 37ఏ వంటి ఆంపియర్ల లెక్క, 7సి12 వంటి తేదీ ముద్ర బయటపడతాయి. 7 సంవత్సరంలోని చివరి అంకె, సి అంటే మార్చి, 12 తేదీ. కారు 1967 మే మొదటి వారంలో తయారై ఉంటే జాతకం దివ్యంగా కుదిరినట్టే. ముద్ర మే నెలాఖరుది అయితే మాత్రం, కారు కంటే తరువాత పుట్టినది దానితోపాటే ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో సంజాయిషీ చెప్పుకోవాలి. ఏడాది ముందుదైనా చిక్కే. ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగివచ్చిందని న్యాయనిర్ణేతలు ఆరా తీస్తారు. ముద్రలో దశాబ్దం ఉండదు గనుక, ఆ 7ను నమ్మి 1977 నాటి సరుకును తెచ్చుకునేవారూ లేకపోలేదు. అప్పటికి వోల్టేజీని అదుపుచేసే రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ తొడుగు లోపలికి చేరిపోయింది. కారులో విడిగా ఉన్న రెగ్యులేటర్ నుంచి వచ్చిన తీగలు ఎక్కడ తగలాలో తెలియక వేలాడినప్పుడు గాని విషయం బోధపడదు.

ఆల్టర్నేటర్లు చేసే ల్యూకస్ వారు తేదీకి బదులు వారాన్ని, సంవత్సరాన్ని కొట్టి ఊరుకున్నారు. బాష్ వారు ‘కె1 14వి 35ఏ20’ అని రాస్తే అందులో చివరి 20 ఆంపియర్లు కావు, వందల్లో చెప్పిన వేగం: నిమిషానికి 2000 చుట్ల దగ్గర అది మూడింట రెండు వంతుల కరెంటు ఇస్తుందని అర్థం. ఫోర్డ్ సంఖ్యలో సి5 అంటే 1965 అని తెలిసిన పండితుడు, అది నమూనా గీసిన సంవత్సరమే గాని వస్తువు తయారైన సంవత్సరం కాదని తెలుసుకునే లోపల, 1966 కారుకు సరిగ్గా సరిపోయే ఆల్టర్నేటర్‌ను వద్దని తిప్పి పంపేసి ఉంటాడు.

ఈ వంశావళికి ఒక్కటే లోపం. ఆ రోజుల్లో బేరింగు కూతపెట్టగానే యజమాని పాతదాన్ని దుకాణంలో ఇచ్చి, బాగుచేసిన మరొకదాన్ని పట్టుకుపోయేవాడు. బాగుచేసేవారు ఒకదాని ముందు తొడుగుకు మరొకదాని వెనుక తొడుగును, ఇంకొకదాని స్టేటర్‌ను, అంటే లోపల కరెంటు పుట్టే తీగచుట్టను, కలిపి బిగించేవారు. ముద్ర ముందు తొడుగు మీద ఉంటుంది, కరెంటు స్టేటర్‌ను బట్టి వస్తుంది. కాబట్టి 37 అని చెప్పుకునేది లోపల 61 అయినా ఆశ్చర్యపోనక్కరలేదు. మీ కారుతో పుట్టిన ఆల్టర్నేటర్ ఈపాటికి ముక్కలు ముక్కలుగా నాలుగు కార్లలో కాపురముండవచ్చు.

అయినా నిరాశ పడనవసరం లేదు. కావలసిన తేదీని ఖాళీ తొడుగు మీద కొట్టిపెట్టే నిపుణులు ఉన్నారు. అయితే ముద్ర మరీ తీరుగా వరుసలో ఉంటే అనుమానం వస్తుంది, ఎందుకంటే ఫ్యాక్టరీలో కొట్టేవాడికి తీరిక లేక అక్షరం ఒకటి పైకి, ఒకటి కిందికి పడేది. అందుచేత ఇప్పటి నిపుణుడు ఎంతో శ్రద్ధగా అశ్రద్ధను అభ్యసిస్తున్నాడు. తొడుగును తళతళలాడేలా పాలిష్ పట్టించినవారికి కూడా మార్కులు పోతాయి. పోత అల్యూమినియం మెరుపు లేకుండానే ఉండాలి. పుల్లీ వ్యాసం, ఫ్యాను రెక్కల ఆకారం సైతం చూస్తారు, ఎందుకంటే వేగంగా తిరిగే ఇంజన్లకు ఆల్టర్నేటర్ మితిమీరిన వేగంతో తిరగకుండా పెద్ద పుల్లీ ఇచ్చేవారు.

ఇన్ని పరీక్షలకు నిలిచిన ఆల్టర్నేటర్‌ను దొరకబుచ్చుకున్న పుణ్యాత్ములు దాన్ని తిప్పి అరగదీయరాదు. పోటీకి ఇది, రోడ్డుకు మరొకటి అన్న నియమం పాటించి, పోటీ ముందురోజు దీన్ని బిగించి, బెల్టును చూపుకు సరిపడేంత బిగువుగా ఉంచితే చాలు. న్యాయనిర్ణేతలు అద్దం, టార్చి పట్టుకుని ముద్ర చదివిన తరువాత హారన్, హెడ్‌లైట్లు కూడా వేసి చూడమనవచ్చు గనుక, ఆ రాత్రి బ్యాటరీని గోడ ప్లగ్గుకు తగిలించి నిండుగా ఛార్జ్ చేసుకోవడం మరువరాదు.